ఎలుక కాలి కండలో ఏముంది? రివర్‌సైడ్ నేల మీద పరుగు, దూకుడు

ఈ వారం ఎపిసోడ్‌లో ఎలుకల కాలి కండల గురించి మాట్లాడుకున్నాం. ఆడియోలో బొమ్మ గీసి చూపించడం కుదరదు కాబట్టి కొన్ని విషయాలు గబగబా దాటేయాల్సి వచ్చింది. వాటిని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. ఎపిసోడ్ వినకపోయినా పర్లేదు, ఇది చదివితే విషయం అర్థమవుతుంది.

ముందే ఒక మాట. నేను డాక్టర్ని కాదు, బయాలజీ చదివినవాణ్ణీ కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి, ఇప్పుడు సదరన్ కాలిఫోర్నియాలో కన్‌స్ట్రక్షన్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నాను. మరి ఎలుక కాళ్ళతో నీకేం పని అంటారా? రివర్‌సైడ్ కౌంటీలో ఖాళీ నేల మీద పునాది తవ్వేవాడికి ఎప్పుడో ఒకప్పుడు ఎలుకతో పని పడుతుంది. ఇక్కడ స్టీఫెన్స్ కంగారూ ఎలుక అని ఒకటుంది. చట్టం కాపాడే జీవి. అది ఉండే ప్రాంతంలో ప్రాజెక్టు అంటే ముందు దాని లెక్క తేలాలి, ఆ తర్వాతే బుల్‌డోజర్ దిగాలి.

సైట్లో కొత్తగా చేరినవాళ్ళు అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "గుప్పెడంత ఎలుక. పక్కనున్న గడ్డిలోకి పోయి బతకలేదా?" అడగడంలో తప్పేం లేదు. దానికి జవాబులో పెద్ద భాగం దాని కాళ్ళలో ఉంది. ఆ కాళ్ళు ఏ పనికి తయారయ్యాయో తెలిస్తే, ఏ నేల మీద పనికిరావో కూడా తెలుస్తుంది. అక్కడిదాకా వెళ్ళాలంటే మొదట కండ లోపలికి వెళ్ళాలి.

కండ అంటే ఒకే ముద్ద కాదు

కోడిని కోసినప్పుడు చూసే ఉంటారు. రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది, కాలి మాంసం కాస్త ముదురు రంగులో ఉంటుంది. కోడి రోజంతా నడుస్తుంది, ఎగరడం మాత్రం ఎప్పుడో కుక్క తరిమితే. రోజంతా చేసే పనికి ఒక రకం కండ, అరుదుగా ఒక్క ఊపులో చేసే పనికి ఇంకో రకం. వంటింట్లో కనిపించే ఈ తేడాని 1870ల్లో ఫ్రాన్స్‌లో లూయీ రాన్వియే అనే శాస్త్రవేత్త కుందేలు కండల మీద పరీక్షించి చూశాడు. ఎర్ర కండ నెమ్మదిగా ముడుచుకుంటుందని, తెల్ల కండ చటుక్కున ముడుచుకుంటుందని తేల్చాడు. అప్పట్నుంచి మొదలైన లెక్క ఇది.

కండని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే కేబుల్ కోసినట్టే ఉంటుంది. పెద్ద కట్ట, అందులో చిన్న కట్టలు, వాటిలో సన్నటి పోగులు. ఒక్కో పోగూ ఒక్కో కణం. దాన్నే కండర తంతువు అంటారు. ఆ తంతువు లోపల ఇంకా సన్నటి దారాలు, ఆ దారాల పొడవునా గొలుసు లింకుల్లాగా వరసగా సార్కోమియర్లు. ఒక్కో సార్కోమియర్ పొడవు మిల్లీమీటరులో సుమారు నాలుగైదు వందల వంతు మాత్రమే. అందులో రెండు రకాల ప్రోటీన్ పోగులు ఒకదాని మధ్యలోకి ఒకటి జారతాయి. మయోసిన్ అనే ప్రోటీన్ చేతులు చాచి, ఆక్టిన్ అనే దాన్ని పట్టుకుని లాగుతుంది, వదులుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. మోకు పట్టుకుని బావిలోంచి చేద లాగుతున్నట్టు అన్నమాట. 1954లో రెండు వేర్వేరు బృందాలు ఈ జారుడు సంగతి ఒకేసారి ప్రకటించాయి. చిత్రం ఏంటంటే రెంటిలోనూ హక్స్‌లీ అనే ఇంటిపేరున్నవాళ్ళు ఉన్నారు, ఒకరికొకరు చుట్టాలు కారు.

మోకు లాగే మనిషి చేతివాటాన్ని బట్టి చేద పైకొచ్చే వేగం మారుతుంది కదా. అలాగే మయోసిన్ రకాన్ని బట్టి తంతువు వేగం మారుతుంది. ఎలుక కాలి కండల్లో ముఖ్యంగా నాలుగు రకాల తంతువులు ఉంటాయి.

టైప్ 1: నెమ్మది. ఆక్సిజన్ వాడుకుని పనిచేస్తుంది, తొందరగా అలసిపోదు. ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే ఆక్సిజన్ దాచుకునే మయోగ్లోబిన్ ఇందులో ఎక్కువ.

టైప్ 2ఏ: వేగం ఉంది, ఓపికా ఉంది.

టైప్ 2ఎక్స్: ఇంకా వేగం, ఓపిక కాస్త తక్కువ.

టైప్ 2బి: అన్నిటికన్నా వేగం. ఒక్క దెబ్బకి చాలా శక్తి ఇస్తుంది, ఆ వెంటనే చల్లబడిపోతుంది.

మా సైట్లో కూడా ఇంతే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఒకే వేగంతో ఇటుకలు మోసేవాడు వేరు, బరువైన గేటు ఎత్తాలంటే పిలిస్తే వచ్చి ఒక్క ఊపులో ఎత్తి వెళ్ళిపోయేవాడు వేరు.

పిక్కలో ఎవరెక్కడ ఉంటారు

ఎలుక పిక్కలో, అంటే మోకాలికీ మడమకీ మధ్య వెనక భాగంలో, రెండు కండలు ముఖ్యం. పైన కనిపించే పెద్దది గ్యాస్ట్రోక్నీమియస్. దాని కింద ఎముకకి దగ్గరగా దాక్కున్న చిన్నది సోలియస్. రెండూ కలిసి ఒకే టెండన్ ద్వారా మడమ ఎముకకి తగులుకుంటాయి.

పాతిక ముప్ఫై గ్రాముల చిట్టెలుకలో సోలియస్ బరువు సుమారు పది మిల్లీగ్రాములు. గ్యాస్ట్రోక్నీమియస్ దానికి పది రెట్లకి పైనే. సోలియస్‌లో టైప్ 1, టైప్ 2ఏ తంతువులు ఎక్కువ. నిలబడటానికి, మెల్లగా నడవడానికి అది చాలు. గ్యాస్ట్రోక్నీమియస్‌లో అధికభాగం టైప్ 2బి. పిల్లి కనిపించగానే పనిచేసేది ఇది. అంటే చిట్టెలుక తన పిక్క బరువులో పెద్ద వాటా, రోజులో కొన్ని క్షణాలు మాత్రమే వచ్చే అవసరం కోసం మోసుకు తిరుగుతోంది.

ఇంకో తేడా గ్యాస్ట్రోక్నీమియస్ తగులుకున్న చోటు. సోలియస్ మోకాలి కింద మొదలవుతుంది. గ్యాస్ట్రోక్నీమియస్ మోకాలి పైన, తొడ ఎముక చివర మొదలై మడమ దాకా వస్తుంది. రెండు కీళ్ళు దాటుతుంది. కాబట్టి తొడ కండలు మోకాలిని చాచినప్పుడు, ఆ శక్తిలో కొంత ఈ కండ ద్వారా చీలమండకి చేరుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి, కంగారూ ఎలుక దగ్గర పనికొస్తుంది.

పోగుల అమరిక: జాకీల లెక్క

తంతువు రకం ఒక్కటే చూస్తే సగం కథే. పోగుల్ని ఎలా పేర్చారన్నది మిగతా సగం.

పది చిన్న జాకీలు పక్కపక్కన పెడితే చాలా బరువు లేస్తుంది, కానీ కొంచెం ఎత్తే. అవే పది జాకీలు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక్క జాకీ మోసే బరువే లేస్తుంది, కానీ పది రెట్లు ఎత్తుకి. కండలో కూడా ఇదే లెక్క. పొట్టి తంతువులు ఎక్కువ పక్కపక్కన ఉంటే బలం ఎక్కువ. పొడుగు తంతువులు ఉంటే కదలిక దూరం, వేగం ఎక్కువ.

పొట్టి తంతువుల్ని ఇరుకు చోటులో ఎక్కువ కుక్కాలంటే ఎలా? కొబ్బరి మట్టని చూడండి. మధ్యలో ఒక కాడ, దానికి రెండు వైపులా ఏటవాలుగా ఆకులు. గ్యాస్ట్రోక్నీమియస్ లాంటి కండలు ఇలాగే ఉంటాయి. తంతువులు నిలువుగా కాకుండా ఏటవాలుగా టెండన్‌కి తగులుకుంటాయి. ఏటవాలుగా లాగడం వల్ల కొంత బలం పక్కకి పోతుంది, నిజమే. కానీ అదే చోటులో ఎన్నో ఎక్కువ తంతువులు పట్టడం వల్ల వచ్చే లాభం ఆ నష్టాన్ని మించిపోతుంది. అందుకే కండ లావుని పైనుంచి టేపు పెట్టి కొలిచి బలం చెప్పలేం. తంతువు పొడవు, ఏటవాలు కోణం, మొత్తం బరువు, ఈ మూడూ కలిపి లెక్కేయాలి.

చిన్న ఒంటికి వంగిన కాళ్ళెందుకు

ఏనుగు నిలబడితే కాళ్ళు స్తంభాల్లా నిటారుగా ఉంటాయి. ఎలుక కాళ్ళు ఎప్పుడూ వంగే ఉంటాయి, గొంతుక్కూర్చున్నట్టు. స్తంభం ప్లంబ్‌లో ఉంటే లోడు నేరుగా కిందికి దిగుతుంది. వంగితే పక్కనుంచి ఎవరో పట్టుకోవాలి. ఎలుకకి ఆ పట్టుకునే పని కండలది. అమెరికన్ శాస్త్రవేత్త ఆండ్రూ బీవెనర్ 1989లో ఈ లెక్కని చిన్న జంతువుల నుంచి గుర్రాల దాకా చూపించాడు. జంతువు పెద్దదయ్యేకొద్దీ కాళ్ళు నిటారు అవుతాయి, కండకి భారం తగ్గుతుంది. చిన్న జంతువు వంగిన కాళ్ళకి మూల్యం చెల్లిస్తుంది. బదులుగా దానికి దొరికేది ఏమిటంటే, ఎప్పుడైనా ఎటైనా గెంతడానికి సిద్ధంగా ఉండటం. వంగిన కాలు అంటే ముందే నొక్కిపెట్టిన స్ప్రింగు భంగిమ.

పైగా చిన్న కాళ్ళు వేగంగా ఆడాలి. చిట్టెలుక పరుగందుకుంటే సెకనుకి ఏడు అంగల దాకా వేస్తుంది. గుర్రం ఆ దశలో రెండు కూడా వేయదు. అందుకే చిన్న జంతువుల తంతువులు, పేరుకి అదే రకమైనా, పెద్ద జంతువుల వాటికంటే వేగంగా ముడుచుకుంటాయి. ఎలుక టైప్ 1 తంతువు మన టైప్ 1 కంటే చురుకు.

పిక్క సగమైన ఎలుకలు

ఇప్పుడు రివర్‌సైడ్‌కి వద్దాం. ఇక్కడి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో థియొడోర్ గార్లండ్ అనే ప్రొఫెసర్ చాలా ఏళ్ళుగా ఒక ప్రయోగం నడుపుతున్నాడు. 1993లో విస్కాన్సిన్‌లో మొదలుపెట్టి, తర్వాత ఇక్కడికి తెచ్చాడు. పద్ధతి చాలా సింపుల్. చిట్టెలుకల్ని ఎనిమిది వంశాలుగా విడదీశాడు. ప్రతి తరంలో ఎలుకలకి ఆరు రోజులు తిరిగే చక్రం ఇస్తారు. ఎవరూ తరమరు, ఇష్టమైతే పరుగెత్తొచ్చు. నాలుగు వంశాల్లో, చివరి రెండు రోజులు ఎక్కువ తిరిగిన వాటినే తర్వాతి తరానికి తల్లిదండ్రులుగా ఎంచుకుంటారు. మిగతా నాలుగు వంశాల్లో ఏ ఎంపికా లేదు, పోల్చి చూడటానికి ఉంచారు.

కొన్ని తరాలకే ఎంపిక చేసిన వంశాలు మామూలువాటి కంటే రెండున్నర నుంచి మూడు రెట్లు ఎక్కువ తిరగడం మొదలుపెట్టాయి. ఇక్కడిదాకా ఎవరైనా ఊహిస్తారు. ఊహించనిది వాటి కాళ్ళలో కనిపించింది. అంతగా పరుగెత్తే ఎలుకల పిక్కలు ఎలా ఉండాలి? మనం అనుకునేది, బాగా బలిసి ఉండాలని. కానీ ఎంపిక చేసిన రెండు వంశాల్లో కొన్ని ఎలుకలకి పిక్క కండ మామూలు దానిలో దాదాపు సగమే ఉంది! వాటిని చిన్నకండ ఎలుకలు అందాం.

తగ్గిన సగం ఏమిటని చూస్తే, అది టైప్ 2బి. ఒక్క ఊపు తంతువులు చాలామటుకు లేకుండా పోయాయి. మిగిలిన కండలో గ్రాముకి లెక్కేస్తే ఆక్సిజన్ వాడుకుని పనిచేసే శక్తి ఎక్కువ. 2013లో దీని మూలం దొరికింది. 2బి మయోసిన్‌ని తయారుచేసే జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. అదీ ప్రోటీన్ వివరం రాసున్న భాగంలో కాదు, మధ్యలో ఖాళీగా కనిపించే భాగంలో. తల్లి నుంచి, తండ్రి నుంచి రెండు వైపులా ఆ మార్పు వస్తేనే పిక్క చిన్నదవుతుంది. ఒక వంశంలో చివరికి అన్ని ఎలుకలూ చిన్నకండవే అయ్యాయి. ఇంకోదాంట్లో రెండు రకాలూ ఉన్నాయి.

మరి ఈ మార్పు ఉచితంగా వచ్చిందా? లేదు. చిన్నకండ ఎలుకల్ని ఒక్కసారిగా తరిమి గరిష్ఠ వేగం కొలిస్తే మామూలు ఎలుకల కంటే వెనకబడ్డాయి. పంజరంలో పిల్లి లేదు, పాము లేదు, గద్ద లేదు. అక్కడ గెలిచేది ఎక్కువసేపు తిరిగినవాడు. బయట పొలంలో అయితే అదే పిక్కతో ఎన్నాళ్ళు బతికేదో మీరే ఆలోచించండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. మిగతా రెండు వంశాల్లో ఈ చిన్నకండ రాలేదు. అయినా అవి కూడా దాదాపు అంతే పరుగెత్తాయి. అంటే ఒకే గమ్యానికి ఒకటి కంటే ఎక్కువ దారులున్నాయి. ఈ మాట వదిలేసి "పిక్క తగ్గితే పరుగు పెరుగుతుంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

మరి మన కాళ్ళ సంగతి?

ఇక్కడ ఆగి మన గురించి ఒక ముక్క. టైప్ 2బి మయోసిన్ తయారుచేసే జన్యువు మనిషికీ ఉంది. కానీ మన కాళ్ళ, చేతుల కండల్లో అది పనిచేయడం లేదు. మనలో అన్నిటికన్నా వేగమైనది 2ఎక్స్. పాత పుస్తకాల్లో మనిషి కండకి 2బి అని రాసి ఉంటే, అది నిజానికి 2ఎక్స్. కాబట్టి ఎలుక కండ మీద పనిచేసింది మన మీదా అలాగే పనిచేస్తుందని చెప్పే పౌడర్ డబ్బాల ప్రకటనలు చూసినప్పుడు ఈ తేడా గుర్తుకు తెచ్చుకోండి.

నలభై దాటిన నాలాంటివాళ్ళకి పనికొచ్చేది ఇంకోటి. వయసు పెరిగేకొద్దీ మన కండల్లో ముందుగా, ఎక్కువగా సన్నబడేవి వేగపు తంతువులే. వాటిని నడిపే నరాలు కొన్ని చచ్చిపోతాయి. రోజంతా నడిచే ఓపిక అలాగే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ నిచ్చెన మెట్టు జారినప్పుడు చటుక్కున కాలు ఊని నిలదొక్కుకునే శక్తి తగ్గుతూ ఉంటుంది. సైట్లో రోజుకి పదివేల అడుగులు నడుస్తున్నాం కదా అని సరిపెట్టుకోకూడదు. నడక నెమ్మది తంతువులకి పని చెబుతుంది. వేగపు తంతువుల్ని లేపాలంటే బరువు ఎత్తాలి, కుర్చీలోంచి గబుక్కున లేవాలి, మెట్లు చురుగ్గా ఎక్కాలి. మోకాళ్ళ నొప్పి, గుండె జబ్బు లాంటివి ఉన్నవాళ్ళు మాత్రం డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టండి.

కంగారూ ఎలుక: భూకంపం లోడుకి కట్టిన కాలు

ప్రయోగశాల చిట్టెలుక ఎటు ఎంచుకుంటే అటు వెళ్ళింది. ఎడారి కంగారూ ఎలుకని ఎంచుకున్నది పాములు, గుడ్లగూబలు. పేరుకి ఎలుకే గానీ మన ఇంటి ఎలుకకి దగ్గర చుట్టం కాదు. పొడుగు పాదాలు, బలమైన వెనక కాళ్ళు, చిట్టి ముందు కాళ్ళు, ఒంటికన్నా పొడుగు తోక. వేగంగా వెళ్ళాలంటే రెండు కాళ్ళ మీద గెంతుతుంది.

కంగారూలా గెంతుతుంది కాబట్టి కంగారూలాగే టెండన్లలో శక్తి దాచుకుంటుందని చాలామంది అనుకున్నారు. టెండన్ అనే మాట మా పనిలో కూడా ఉంది. పోస్ట్ టెన్షన్ స్లాబులో వేసి జాకీతో లాగే స్టీలు కేబుల్‌ని టెండన్ అనే అంటాం. ఒకే బలంతో లాగితే సన్న కేబుల్ ఎక్కువ సాగుతుంది, లావు కేబుల్ తక్కువ సాగుతుంది. ఎంత సాగితే అంత శక్తి దాచి తిరిగిస్తుంది. పెద్ద కంగారూ జాతుల టెండన్లు పొడుగ్గా, సన్నగా ఉంటాయి. ప్రతి గెంతుకీ సాగి, తర్వాతి గెంతుకి శక్తి తిరిగిస్తాయి.

1981లో బీవెనర్, అలెగ్జాండర్, హెగ్లండ్ కలిసి కంగారూ ఎలుకని కొలిచారు. దాని చీలమండ టెండన్లు కండతో పోలిస్తే లావు. అందువల్ల తక్కువ సాగుతాయి. గెంతులో టెండన్ వల్ల ఆదా అయ్యే శక్తి సుమారు 14 శాతమే. మరి ఇంత లావు టెండన్ దండగ కదా? 1988లో బీవెనర్, బ్లిక్‌హాన్ దీనికి జవాబు చెప్పారు. వాళ్ళు మామూలు గెంతుల్ని కాకుండా, ఎలుక ఉలిక్కిపడి నిలువునా ఎగిరే దూకుడుని కొలిచారు. ఆ క్షణంలో కండలు పెట్టే బలం మామూలు గెంతుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. టెండన్ సన్నగా ఉంటే తెగే ప్రమాదం ఉంటుంది. పైగా సన్న టెండన్ ముందు సాగి, ఆ తర్వాతే నేలని తంతుంది. ఆ ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది.

కాలిఫోర్నియాలో మేం కట్టే గోడలు కూడా రోజువారీ లోడుకి మాత్రమే లెక్కేయం, ఎప్పుడో వచ్చే భూకంపానికి లెక్కేస్తాం. కంగారూ ఎలుక కాలూ అంతే. రోజూ చేసే ప్రయాణంలో దొరికే ఆదా వదులుకుని, ఎప్పుడో వచ్చే ఒక్క క్షణానికి కట్టిన డిజైన్ అది.

ఆ క్షణం ఎంత చిన్నదో కూడా కొలిచారు. శాన్ డియేగో స్టేట్‌లో రూలన్ క్లార్క్ బృందం, యూసీ రివర్‌సైడ్‌లో తిమోతీ హైయమ్ కలిసి అరిజోనాలో యూమా దగ్గర ఎడారిలో రాత్రిళ్ళు హైస్పీడ్ కెమెరాలు పెట్టారు. రాటిల్‌స్నేక్, అంటే తోక గలగలలాడించే విషసర్పం, కాటు వేయడానికి సెకనులో పదో వంతు కూడా పట్టదు. కంగారూ ఎలుక స్పందన సగటున 70 మిల్లీసెకన్లు. కొన్ని 38 మిల్లీసెకన్లలోనే కదిలాయి. మనం కనురెప్ప వేసేలోపు అది గాల్లో ఉంటుంది. కొన్నిసార్లు గాల్లోనే వెనక కాళ్ళతో పాముని తన్నేస్తుంది. పొడుగు తోకని తిప్పి ఒంటిని సర్దుకుని, పాదాల మీద దిగి పారిపోతుంది.

ఎత్తుకి దూకేటప్పుడు చీలమండ ఒక్కటే పని చేయదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న రెండు కీళ్ళ కండ ఇక్కడ పనికొస్తుంది. మోకాలి దగ్గర పెద్ద కండలు పుట్టించిన శక్తి దాని ద్వారా చీలమండకి చేరుతుంది. పైన బరువైన కండలు, కింద తేలికైన పొడుగు పాదం. కొరడా పిడి లావు, కొస సన్నం అయినట్టు.

ఈ కాలికి కావలసిన నేల

ఇక మొదటి ప్రశ్నకి. పక్క గడ్డిలోకి పోయి బతకలేదా?

ఇంతసేపు చెప్పిన కాలుని దట్టమైన గడ్డిలో ఊహించుకోండి. పాదం పొడుగు, గెంతు పొడుగు, చటుక్కున దిక్కు మార్చాలి. మోకాటెత్తు ఎండుగడ్డి అడ్డంగా పడి ఉంటే ఎగరడానికి దారి లేదు, దిగడానికి చోటు లేదు. ముందు కాళ్ళు చిన్నవి కాబట్టి ఇంటి ఎలుకలాగా గడ్డి కింద దూరి నాలుగు కాళ్ళ మీద పరుగు తీయడంలోనూ దానికి అంత వాటం లేదు. అందుకే స్టీఫెన్స్ కంగారూ ఎలుక వెతుక్కునేది పలచటి గడ్డి, మధ్యమధ్యలో బోసి నేల, కలుగు తవ్వుకోవడానికి వీలైన గుల్ల మట్టి. బయటినుంచి వచ్చిన గడ్డిజాతులు పెరిగి చాపలా కప్పేస్తే, ఎవరూ ఒక్క ఇటుక పెట్టకపోయినా ఆ నేల దానికి పోయినట్టే.

ఇంకో చిక్కుంది. చదునుగా, చెట్లు లేకుండా, గుల్ల మట్టితో ఉన్న నేల ఎవరికి కావాలి? మాకూ అదే కావాలి. గోడౌన్‌కైనా, ఇళ్ళ లేఅవుట్‌కైనా అంతకన్నా చవకగా చదును చేసే నేల దొరకదు. ఈ ఎలుక ఉండేది ప్రధానంగా రివర్‌సైడ్ కౌంటీ పశ్చిమ భాగం, శాన్ డియేగో కౌంటీ ఉత్తర భాగం. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. ఆ ప్రాంతమే ఇళ్ళతో, గోడౌన్లతో నిండిపోయింది.

1988లో ఫెడరల్ ప్రభుత్వం దీన్ని అంతరించిపోయే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. చాలా గొడవలయ్యాయి, భూముల యజమానులు మండిపడ్డారు. చివరికి 1996లో ఒక దీర్ఘకాల ఒప్పందం కుదిరింది. ఏడు కోర్ రిజర్వులు, మొత్తం 41,000 ఎకరాలకి పైన పక్కకి పెట్టారు. లేక్ మాథ్యూస్, సికమోర్ కాన్యన్, పెరిస్ దగ్గరి మాట్ రిమ్‌రాక్ వాటిలో ఉన్నాయి. రిజర్వులకి బయట, ఒప్పందం వర్తించే ప్రాంతంలో కట్టేవాళ్ళు ఎకరానికి 500 డాలర్ల ఫీజు కట్టి పని చేసుకోవచ్చు. 2022లో దీని స్థాయిని ఒక మెట్టు తగ్గించి, ప్రమాదం పొంచి ఉన్న జాతుల జాబితాలోకి మార్చారు. అంటే పరిస్థితి కొంత మెరుగైంది, కానీ రక్షణ తీసేయలేదు.

నేలని కంచె వేసి వదిలేస్తే సరిపోదని కూడా ఈ కాళ్ళే చెబుతాయి. గడ్డి పెరగనిస్తే రిజర్వు కూడా దానికి పరాయి నేలే. అందుకే గొర్రెల్ని మేపడం, గడ్డి కోయడం, అదుపులో ఉండేలా తగలబెట్టడం లాంటి పనులు చేస్తారు. కొండ మీద గొర్రెల మంద కనిపిస్తే అది మాంసం కోసమే అనుకోకండి, ఒక్కోసారి ఎలుక గెంతడానికి చోటు చేస్తున్నట్టు.

ఎకరానికి 500 డాలర్లు ఎక్కువా తక్కువా అని మా వాళ్ళలో వాదనలు నడుస్తూనే ఉంటాయి. డెవలపర్ లెక్క వేరు, మాకు షెడ్యూలు తప్పితే పడే చివాట్లు వేరు. ఆ వాదనలో నేను తీర్పు చెప్పను. కానీ "ఎక్కడైనా బతుకుతుందిలే" అన్న మాట మాత్రం వాదనలోకి రాకూడదు. అది లెక్క తప్పు. కాలు ఒక పనికి తయారైతే ఇంకో పనికి ఆ మేరకు పనికిరాదు. చిన్నకండ ఎలుక ఓపిక సంపాదించుకుని వేగం వదులుకుంది. కంగారూ ఎలుక పాము నుంచి తప్పించుకునే దూకుడు సంపాదించుకుని, దట్టమైన గడ్డిని వదులుకుంది.

సైట్లో పనిచేసేవాళ్ళకి చివరగా రెండు మాటలు. బయాలజిస్ట్ గుర్తు జెండాలు పాతిన చోట వాహనం తిప్పకండి, సామాను దించకండి. కలుగులు పైపైనే ఉంటాయి, పికప్ ట్రక్కు బరువుకే కూలిపోతాయి. పగలు అక్కడ ఏమీ కనిపించదు, ఎందుకంటే అది రాత్రి తిరిగే జీవి. ఏమీ లేదని మీకు మీరే తేల్చుకోకుండా, అనుమానం ఉంటే పని ఆపి అడగండి.

ప్రశ్నలుంటే ఎప్పటిలాగే రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో టెండన్ల గురించే మాట్లాడదాం, మన మడమ వెనక ఉన్న దాంతో మొదలుపెట్టి.